అక్షరం అదే, పొల్లు కొత్తది

రక్త క్యాన్సర్‌కు చికిత్స అయ్యాక పదకొండు నెలలు బాగానే ఉన్నాను. జుట్టు మళ్లీ వచ్చింది, సంక్రాంతికి అరిసెలు కూడా వండాను. ఫిబ్రవరిలో ఒకరోజు పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం మొదలై ఎంతకీ ఆగలేదు. ప్లేట్‌లెట్లు 19 వేలు. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి చూస్తే బ్లాస్ట్ కణాలు, అంటే ఎదగని రక్తకణాలు, 34 శాతం. ఏఎంఎల్ అనే ఆ రక్త క్యాన్సర్ తిరగబెట్టింది.

మొదటిసారి హైదరాబాద్‌లో సైటరబిన్ 7 రోజులు, డౌనోరూబిసిన్ 3 రోజులు ఎక్కించారు. అప్పుడు లొంగిన జబ్బు మళ్లీ ఎలా లేచింది? డాక్టరుగారు పాత, కొత్త రిపోర్టులు నా ముందు పెట్టారు. "అవే మ్యుటేషన్లమ్మా, అంటే జన్యువుల్లో అక్షరాల మార్పులు, కొత్తవేవీ కనపడలేదు. జన్యువుల్లో అక్షరాలు మారకపోయినా వాటి మీద గుర్తులు మారొచ్చు. అప్పుడు కొన్ని జన్యువులు మూగబోతాయి. మందుకు చావాల్సిన కణం బతికిపోవడానికి అదీ ఒక దారి" అన్నారు.

ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని, నాకు వెంటనే పొల్లు గుర్తొచ్చింది. 'న'కి పొల్లు పెడితే హల్లు అదే, లోపలి అచ్చు పోతుంది. ఇక్కడ ఆ పొల్లు పేరు మిథైల్. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, అంతే. డీఎన్ఏలో సైటోసిన్ అనే అక్షరం మీద కూర్చుంటుంది. 2016లో 138 మంది ఏఎంఎల్ రోగుల నమూనాలను, జబ్బు బయటపడినప్పటివీ తిరగబెట్టినప్పటివీ పోల్చి చూశారట. మ్యుటేషన్లతో నిమిత్తం లేకుండా ఈ గుర్తులు తమ దారిన తాము మారాయని మా అబ్బాయి చదివి చెప్పాడు. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. కంటికి కనపడని చుక్కంత గుర్తు నా ప్రాణం మీదికి తెచ్చింది కదా అని ఏడ్చాను.

ఈసారి ఎజాసైటిడిన్, వెనెటోక్లాక్స్ అనే రెండు మందులు. ఎజాసైటిడిన్ సైటోసిన్ వేషంలో డీఎన్ఏలోకి దూరి, గుర్తు పెట్టే ఎంజైమును అక్కడే పట్టేస్తుంది. కణం తన డీఎన్ఏను తిరగరాసుకున్నప్పుడు కొత్త ప్రతిలో పొల్లు పడదు. అందుకే ఇది నిదానంగా పనిచేసే మందు. నెలకు 7 రోజులు పొట్టకు ఇంజెక్షన్. వెనెటోక్లాక్స్ మాత్ర రోజూ అన్నం తిన్నాక. ఫంగస్ రాకుండా పోసకొనజోల్ వాడుతున్నందుకు 400 మిల్లీగ్రాముల మోతాదును 70కి తగ్గించారు.

ఇంజెక్షన్ ఇచ్చే ముందు సిస్టర్ సిరంజిని రెండు అరచేతుల మధ్య పెట్టి, కవ్వం తిప్పినట్టు గబగబా తిప్పేది. అడుగున పేరుకున్న మందు లేచి పాలనీళ్లలా తెల్లగా అయ్యేది. "అమ్మా, ఊపిరి వదలండి" అనేది. ఆ చోట మర్నాటికి రూపాయి బిళ్లంత ఎర్రగా కందిపోయేది.

రెండో సైకిల్లో, అంటే మందు రెండో విడతలో, తెల్లకణాలు బాగా పడిపోయి, జ్వరం 103 దాటి తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. మావారు మాస్కు పెట్టుకుని గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నేను కళ్లు తెరిస్తే చాలు, "ఏమైనా తాగుతావా?" అనేవారు. ఆ మాటే నన్ను లేపి కూర్చోబెట్టింది.

మూడో సైకిల్ అయ్యాక మళ్లీ మూలుగ తీశారు. బ్లాస్ట్ కణాలు 2 శాతం. రెమిషన్, అంటే జబ్బు అణిగింది. కానీ జబ్బు పూర్తిగా పోయిందని ఎవరూ అనలేదు, మందు ఆపమనీ అనలేదు.

వచ్చే సోమవారం పదో సైకిల్. ఎడమవైపు మచ్చలు ఇంకా మానలేదు కాబట్టి ఈసారి కుడివైపు నుంచి మొదలుపెడతానంది సిస్టర్.