నెమలి ఈకలో లేని రాగి టురాకో ఈకలో ఉంది

నెమలి పింఛం తళతళలాడుతుంది కాబట్టి అందులో ఏదో లోహం ఉందనుకుంటారు. లేదు. ఈకను వెలుతురుకు అడ్డుపెట్టి వెనకనుంచి చూడండి, మెరుపు పోయి మెలనిన్ అనే ముదురు వర్ణకపు గోధుమరంగు మిగులుతుంది. అతి సన్నని మెలనిన్ కడ్డీల అమరికే ఆ రంగులన్నిటికీ మూలం.

అసలు రాగి ఆఫ్రికాలోని టురాకో పక్షి రెక్కల్లో ఉంది, అదీ ఏ మెరుపూ లేకుండా. ఆ ముదురు ఎరుపు వర్ణకం పేరు టురాసిన్. పోర్ఫిరిన్‌లనే వలయాకారపు అణువుల్లో ఒకటైన యూరోపోర్ఫిరిన్ నడుమ ఒక రాగి పరమాణువు. వర్ణకం బరువులో రాగి సుమారు 7 శాతం. ఆర్థర్ చర్చ్ అనే ఆంగ్ల రసాయనవేత్త 1869లో దీన్ని వివరించాడు.

జూలో రాలిన ఈక చట్టబద్ధంగా దొరికితే పరీక్షించవచ్చు. ముందు నల్లటి అంచులు కత్తిరించేయాలి, అక్కడున్నది మెలనిన్. ఎర్రభాగాన్ని పలచటి అమ్మోనియాలో నానబెడితే రంగు దిగుతుంది. వడకట్టి, పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు చుక్కలుగా వేస్తే ఎర్రటి మడ్డి అడుగుకు చేరుతుంది. మంచినీళ్లలో ఎంత నానబెట్టినా రంగు దిగదు, క్షారం ఉండాల్సిందే. అలాగని ఘాటైన కాస్టిక్ సోడాలో మరిగిస్తే ఈకకు మూలమైన కెరాటిన్ అనే ప్రోటీన్ కూడా కరిగి మడ్డిలో కలిసిపోతుంది.

రాగి లేకపోతే ఏమయ్యేదో గుడ్లగూబలు చూపిస్తాయి. వాటి ఈకల్లోని పోర్ఫిరిన్‌లో లోహం ఉండదు. చీకట్లో అతినీలలోహిత టార్చి వేస్తే రెక్క అడుగుభాగం గులాబీరంగులో వెలుగుతుంది. ఎండ తగిలేకొద్దీ ఆ వర్ణకం చెడిపోతుంది, అందుకే కొత్త ఈకలు ఎక్కువగా, పాతవి తక్కువగా వెలుగుతాయి. పక్షి పరిశోధకులు ఈకల వయసు అంచనా వేసేది దీంతోనే. (టార్చి పక్షి కళ్లలో పడనివ్వకూడదు.) టురాసిన్‌లో రాగి ఆ వెలుగును ఆర్పేస్తుంది, ఎండకూ తట్టుకుంటుంది. నాకు అన్నిటికన్నా అద్భుతంగా అనిపించేది ఇదే.

కోళ్లలో సంగతి వేరు. అక్కడ లోహం రంగులో ఉండదు, రంగు తయారీలో పనిచేస్తుంది. మెలనిన్ చేసే టైరోసినేజ్ ఎంజైముకు రాగి కావాలి. రోడ్ ఐలాండ్ రెడ్ లాంటి ఎర్రకోడి పిల్లలకు ఇనుము తగ్గినా ఈకలు వెలవెలబోతాయి. కిలో దాణాలో 80 మి.గ్రా. ఇనుము, 8 మి.గ్రా. రాగి సరిపోతాయి. జింకు మరీ ఎక్కువైతే రాగి ఒంటికి పట్టదు, కాబట్టి రాగి పెంచేముందు ఖనిజ మిశ్రమంలో జింకు ఎంతుందో చూడాలి. దాణా సరిచేశాక పాత ఈక రంగు మారదు. అది ఎప్పుడో ఎదగడం ఆగిపోయింది. ఫలితం తెలియాలంటే కొత్తగా మొలిచే ఈక మొదలు చూడాలి.