బావ చేసిన స్టాండు

మా ఉద్దానం పల్లెల్లో సింగపూర్ పేరు వినని ఇల్లు ఉండదు. కవిటి, సోంపేట, కంచిలి వైపు నుంచి ఫిట్టర్లుగా, వెల్డర్లుగా, రిగ్గర్లుగా బయలుదేరిన వాళ్లలో నేనూ ఒకణ్ని. పన్నెండేళ్లుగా జురాంగ్ వైపు ఒక పైపింగ్ యార్డులో పనిచేస్తూ ఇప్పుడు సూపర్‌వైజరునయ్యాను. కొత్త పద్ధతులు, ఉత్పాదకత అంటూ యాజమాన్యం పెట్టించే తరగతుల్లో కూర్చున్నప్పుడల్లా అదే యార్డులో పనిచేసిన మా బావే నాకు గుర్తుకొస్తాడు.

రెండు కొసలా ఫ్లాంజీలు, అంటే బోల్టులతో మరో పైపుకు బిగించే రంధ్రాల చక్రాలు, ఉండే పైపుకు, ఈ కొస బోల్టు రంధ్రాలూ ఆ కొసవీ ఒకే మట్టంలో ఉండాలి. రంధ్రాల్లో పిన్నులు గుచ్చి, వాటి మీద లెవెల్ పెట్టి, బుడగ నడిమికి వచ్చేదాకా సుత్తితో తట్టాలి, అప్పుడు గాని టాక్, అంటే కదలకుండా పట్టి ఉంచే చిన్న వెల్డు, వెయ్యకూడదు. ఒకే సైజువి వందల్లో వచ్చినా ప్రతిదానికీ అదే తంతు. "ఒక్క పనికి ఇన్నిసార్లు లెవెలెందుకెట్టాల బావా?" అని విసుక్కుని, మా బావ స్క్రాపులోని యాంగిల్ ముక్కలతో, పిన్నులు ముందే మట్టానికి బిగించి ఉన్న స్టాండు ఒకటి చేశాడు. పైపును అందులో పడుకోబెట్టి ఫ్లాంజీలను పిన్నులకు తొడిగితే సరిపోయేది.

జపాన్‌లో టొయోటా 1951లోనే కార్మికుల సూచనలను పద్ధతిగా స్వీకరించడం మొదలుపెట్టింది. మా యార్డులోనూ అందుకొక ఫారం ఉంది, కాకపోతే ఇంగ్లీషులో. బావ తరఫున నేనే నింపాను. బహుమతి వోచరు బావకు దక్కింది. బోర్డు మీద సూచన ఇచ్చినవాడిగా పడ్డ పేరు మాత్రం వేరొకరిది.

ఏ కంపెనీలోనైనా చెల్లే నైపుణ్యానికి యజమాని ఖర్చు పెట్టడని, తన సంస్థకే పనికొచ్చే నేర్పుకైతే వాటా పంచుకుంటాడని అమెరికన్ ఆర్థికవేత్త గేరీ బెకర్ 1964లో వివరించాడు. మొదటి మాట నాకు అనుభవమే: పైపును 45 డిగ్రీల వాలులో బిగించి పెట్టే 6జీ అనే వెల్డింగ్ పరీక్షకు నేను తయారైంది మా నాన్న జీడితోట తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బుతోనే. బావ నేర్పు రెండో రకానిది, ఆ పైపుల మధ్య ఏళ్ల తరబడి నిలబడితే తప్ప పుట్టనిది. అలాంటి మనిషిని వదులుకోవడం ఏ లెక్కన చూసినా నష్టమే. అయినా వర్క్ పర్మిట్ గడువు తీరగానే పొడిగించకుండా పంపేశారు. ఊళ్లో మాత్రం ఏం తక్కువ? పలాసలో జీడిపిక్క కొట్టి, పప్పు బద్దలు కాకుండా గుండుగా తీసే ఆడవాళ్లను, కొత్త యంత్రం కొనే ముందు సలహా అడిగిన షావుకారును నేనింతవరకు చూడలేదు.

కిందటేడు కొత్త సైజు ఫ్లాంజీలు వచ్చాయి. స్టాండును అందుకు తగ్గట్టు మార్చబోతే పిన్నులు ఇరుక్కుపోయి, రెండు రోజులు ఎవరికీ అంతు చిక్కలేదు. చివరికి యార్డులోంచే కవిటికి వీడియో కాల్ చేశాను. బావ జీడితోటలో ఉన్నాడు. ఫోనును స్టాండు దగ్గరగా పట్టుకోమని, కాసేపు చూసి, "పిన్ను అర మిల్లీమీటరు సన్నంగా తియ్యించు బావా, నేకపోతే ఏడికి పట్టీసి ఊడదు" అన్నాడు.