హైవేలో పొలం పోతుంటే ఏం చేశామంటే: నా అనుభవం

మా ఊరి పక్క రోడ్డును నాలుగు వరుసలు చేస్తారని ఎప్పటినుంచో వింటున్నాం గానీ, పేపర్లో మా సర్వే నంబరు కనిపించిన రోజే ఇంట్లో అసలు టెన్షన్ మొదలైంది. అది 3ఏ నోటిఫికేషన్, అంటే రోడ్డుకు ఈ భూములు తీసుకోవాలనుకుంటున్నామని ప్రభుత్వం ఇచ్చే ప్రకటన. జాతీయ రహదారుల చట్టం, 1956 ప్రకారం అది వెలువడ్డాక 21 రోజుల్లో అభ్యంతరాలు రాసి ఇవ్వాలి.

ఊళ్ళో చాలామంది "రేటు చాలదు" అని రాసిచ్చారు. అప్పుడు వినేది భూమి తీసుకోవడం గురించే, డబ్బు మాట తర్వాత, పరిహారం క్లెయిములు అడిగే 3జీ నోటీసు వచ్చినప్పుడు. ఈ తేడా మాకు విడమరిచి చెప్పింది రిటైరైన ఒక రెవెన్యూ ఆయన, ఆయన మేలు మర్చిపోలేను. భూమి తీసుకుంటున్నట్టు ఖాయం చేసే 3డీ ప్రకటన వచ్చిందంటే మాత్రం భూమి కేంద్ర ప్రభుత్వానిదైపోయినట్టే.

అన్నిటికన్నా ముఖ్యం కొలతలకు వచ్చిన రోజు. సర్వే వాళ్ళు పాతిన రాయికి లోపలివైపే మా బోరు ఉంది, తీరా పంచనామాలో చూస్తే "మెట్ట, ఖాళీ" అని రాసుంది. నాన్న సంతకం పెట్టబోతుంటే ఆపాను. బోరు, దాని కరెంటు సర్వీసు నంబరు, గట్టు మీది కొబ్బరి చెట్లు ఒక్కొక్కటే దగ్గరికి తీసుకెళ్ళి చూపించి, అన్నీ రాశాకే పెట్టించాను. ఎండలో వాళ్ళు విసుక్కున్నారు, విసుక్కోనివ్వండి, ఆ కాగితంలో లేనిదానికి తర్వాత పైసా రాబట్టడం చాలా కష్టం.

ధర కట్టేది 3ఏ వచ్చిన తేదీకి. అంతకు ముందు మూడేళ్ళలో చుట్టుపక్కల జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర పలికిన సగం తీసి సగటు చూస్తారు, ఆ ధర మీద సొలేషియం (భూమి బలవంతంగా తీసుకున్నందుకు అదనంగా ఇచ్చే సొమ్ము) 100 శాతం కలుస్తుంది. అందుకే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మంచి ధరకు అమ్ముడైన దస్తావేజుల నకళ్ళు తీయించి, పాసు పుస్తకం, ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), అడంగల్‌తో కలిపి క్లెయిమ్‌తో పాటే ఇచ్చాం. నోటిమాటగా చెప్పి వచ్చినవాళ్ళ దగ్గర చూపించడానికి ఏమీ లేకపోయింది, పాపం. మీరిచ్చే ప్రతి కాగితానికీ రసీదు ముద్ర వేయించుకోండి.

పరిహారం ఎంతో తేల్చిన ఉత్తర్వులో, అంటే అవార్డులో, బోరు, చెట్లు వచ్చాయి. భూమి రేటు మాత్రం మాకు నచ్చలేదు. అభ్యంతరం తెలుపుతూనే డబ్బు తీసుకుని పరిహారం తగాదా తేల్చే ఆర్బిట్రేటరుకు (మధ్యవర్తికి) దరఖాస్తు పెట్టాం, ఇప్పుడు అది నడుస్తోంది.