కాళ్లు కాయలు కాసినా కదళీవనం దాకా

ఉగాది ముందు రోజుల్లో శ్రీశైలం వెళ్తే ఎటు చూసినా కన్నడ భక్తులే. నల్లమల అడవిలో నడిచొచ్చి, బొబ్బలెక్కిన కాళ్లకు గుడ్డలు కట్టుకుని తిరుగుతుంటారు. పాతాళగంగ దగ్గర అక్కమహాదేవి గుహలకు బోటెక్కితే నా పక్కన రాయచూరు పెద్దావిడ కూర్చుంది. సంచిలో చీర, పసుపు, కుంకుమ. "భ్రమరాంబ మా ఇంటి ఆడపడుచు కదమ్మా, పండక్కి పెట్టొద్దా?" అంది తెలుగులోనే.

గంటకు పైగా కృష్ణలో ప్రయాణం. కబుర్లు సహజంగానే అక్క మీదికి, అదే కన్నడంలో వచనాలు చెప్పిన శివభక్తురాలు అక్కమహాదేవి మీదికి మళ్లాయి.

12వ శతాబ్దం. ఇప్పటి శివమొగ్గ జిల్లా ఉడుతడి. శివుడే మొగుడనుకున్న మహాదేవిని కౌశికుడనే రాజు చూసి పెళ్లాడతానన్నాడు. కాదంటే అమ్మానాన్నలకు ముప్పు. కన్నడ కవి హరిహరుడు చెప్పిన కథలో ఆమె షరతులు పెట్టి ఒప్పుకుంటుంది: పూజకు, శరణుల (శివభక్తుల) సాంగత్యానికి, గురుసేవకు అడ్డు రాకూడదు. అతను మాట తప్పగానే కట్టుబట్టలు కూడా వదిలేసి, జుట్టే కప్పుకుని బయటపడింది.

"అబద్ధం! మా అక్కకు పెళ్లే కాలేదు" అని పెద్దావిడ కొట్టిపారేసింది. అలా చెప్పే కావ్యాలూ ఉన్నాయి. నాకైతే హరిహరుడి కథే ఇష్టం. రాజుకు ఎదురు చెప్పే వీల్లేని పిల్ల ఆ షరతుల్లోనే తన దారి పదిలం చేసుకుంది. భక్తి అనేసి ఆ తెలివిని పక్కన పెట్టేస్తాం మనం.

అక్కడ్నుంచి శరణులుండే కల్యాణ పట్టణానికి (ఇప్పటి బసవకల్యాణం) చేరింది. బట్టలు వదిలినదానివి జుట్టెందుకు కప్పుకున్నావని అక్కడి శరణుల్లో పెద్దవాడైన అల్లమప్రభువు నిలదీశాడు. చూసేవాళ్ల మనసు చెదరకూడదని, మీ కోసమేనంది! చచ్చి చెడిపోయే మొగుళ్లను పొయ్యిలో పెట్టమని ఒక వచనంలో (శరణులు చెప్పిన చిన్న వచన కవిత) తల్లితో అంటుంది కూడా. పెద్దావిడ ఆ వచనం పాడి, పక్కనున్న భర్తకేసి చూసి పకపకా నవ్వింది. ఆయనకు అలవాటే కాబోలు, నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు.

బోటు దిగి కాస్త ఎక్కితే గుహల ముందు సహజంగా ఏర్పడిన రాతి తోరణం, దాదాపు 200 అడుగుల పొడవు. లోపల దారి మాత్రం ఇరుకు. పక్కకు తిరిగి, వంగి, టార్చ్ వెలుగులో జరగాలి. గబ్బిలాల కంపు. మావారు సగంలోనే వెనక్కి తిరిగారు. పెద్దావిడ కొంగు బిగించి నా ముందే వెళ్లి శివలింగం దగ్గర కూర్చుంది.

వచనాల్లో అక్క పిలిచే చెన్నమల్లికార్జునుడు ఈ కొండ దేవుడే. ఆమె ఆయనలో ఐక్యమైందని చెప్పే కదళీవనానికి వేరే బోటు, ఆపైన అడవిలో నడక. రాయచూరు వాళ్లు మర్నాటికి బోటు మాట్లాడుకుంటుంటే నేనూ పేరిచ్చాను. మావారు సత్రంలోనే ఉంటానన్నారు.