రెండు పికప్‌లకి జత కుదిరేదాకా

నా ఎలక్ట్రిక్ గిటార్‌లో రెండు హంబకర్లు, అంటే తీగల కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే రెండు కాయిళ్ల పికప్‌లు. తీగలు ఆనే బ్రిడ్జ్ వైపుది గీపెట్టేది, నెక్ (మెడ) వైపుది జలుబు చేసిన గొంతులా మోగేది. నెక్ మీద క్లీన్‌గా కార్డ్ వాయిస్తే ఆరు తీగలూ విడివిడిగా వినపడాలి, బ్రిడ్జ్‌కి మారితే కాస్త గరగర రావాలి కానీ చెవులు చిల్లులు పడకూడదు. నేను కోరుకున్నది అంతే. దానికోసం ఆరు నెలలు తిరిగాను.

మొదటి పొరపాటు అంకె చూసి కొనడం. డీసీ రెసిస్టెన్స్ ఎక్కువుంటే సౌండ్ అంత బాగుంటుందనుకుని, 16 కిలో ఓమ్‌ల, సిరామిక్ అయస్కాంతం ఉన్న పికప్ తెచ్చి బ్రిడ్జ్‌లో పెట్టాను. నెక్‌లో ఉన్నది 7.6. బ్రిడ్జ్‌కి మారగానే సౌండ్ మీద పడినట్టుండేది. పికప్‌లు మార్చే సెలెక్టర్ స్విచ్‌ని రెండూ కలిసి మోగేలా మధ్యలో పెడితే నెక్ పికప్ ఉందో లేదో తెలిసేది కాదు.

ఆ అంకె చెప్పేది కాయిల్ తీగ నిరోధం ఒక్కటే. 42 గేజ్ రాగి తీగకి బదులు ఇంకా సన్నని 43 గేజ్ చుడితే, చుట్లు అన్నే ఉన్నా నిరోధం పెరిగిపోతుంది. గేజ్, అయస్కాంతం ఒకటే అయితేనే రెండు పికప్‌లని ఆ అంకెతో పోల్చవచ్చు. గిబ్సన్ గిటార్ కంపెనీలో ఇంజనీర్ సేత్ లవర్ తయారుచేసిన హంబకర్‌కి 1955లో పేటెంట్ దరఖాస్తు పెట్టారు. ఇప్పటికీ అందరూ ఇష్టపడే ఆ పాత పికప్‌లు చాలావరకు 7 నుంచి 9 కిలో ఓమ్‌ల మధ్యే ఉంటాయి. అది తెలిశాక నాకు ధైర్యం వచ్చింది.

ఈసారి అయస్కాంతం చూసి ఎంచుకున్నాను. నెక్‌కి ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన మిశ్రమలోహం) 5, 7.4 కిలో ఓమ్‌లు: కింది తీగలు ముద్దగా కాకుండా బిగువుగా వినిపిస్తాయి. బ్రిడ్జ్‌కి ఆల్నికో 2, 8.5: బలం కాస్త తక్కువ, పై స్వరాల్లో పదును తగ్గుతుంది. బ్రిడ్జ్ దగ్గర తీగ తక్కువ ఊగుతుంది కాబట్టి అక్కడ చుట్లు కొంచెం ఎక్కువుండాలి.

పికప్‌లు రెండూ వేర్వేరు కంపెనీలవి. సోల్డరింగ్ అయ్యాక విడివిడిగా వింటే ప్రాణం లేచొచ్చింది. మధ్యలో పెట్టగానే బేస్ మాయం, ముక్కుతో పాడినట్టు పలచటి సౌండ్. పికప్ పాడైందేమోనని చాలా టెన్షన్ పడ్డాను. తర్వాత ముల్లు ఉన్న పాత మల్టీమీటర్ తెచ్చి తీగలు తగిలించి, పికప్ మీద స్క్రూడ్రైవర్ ఆనించాను. నెక్‌కి ముల్లు కుడికి కొట్టుకుంది, బ్రిడ్జ్‌కి ఎడమకి. రెండూ ఎదురు ఫేజ్‌లో ఉన్నాయి, అంటే ఒకదాని సిగ్నల్‌ని ఇంకోటి కొట్టేస్తోంది! బ్రిడ్జ్ పికప్‌కి నాలుగు వైర్లు, విడిగా షీల్డ్ (వైర్ల చుట్టూ ఉండే లోహపు అల్లిక) ఉండటం నా అదృష్టం. షీల్డ్‌ని గ్రౌండ్‌లోనే ఉంచి హాట్ (సిగ్నల్), గ్రౌండ్ వైర్లు ఒకదాని చోట ఒకటి మార్చేశాను. షీల్డే గ్రౌండ్‌గా ఉండే ఒంటి వైర్ పికప్ అయితే లోపలి అయస్కాంతాన్ని తిప్పాల్సి వచ్చేది.

పని ఎలాగూ మొదలుపెట్టాను కదా అని పాట్‌లు (వాల్యూమ్ నాబ్‌ల కింద ఉండే, నిరోధం మార్చే భాగాలు) కూడా కొలిచాను. రెండిటి మీదా 500కె అనే ఉంది, మీటర్‌లో ఒకటి 410, ఇంకోటి 540. పై స్వరాలు ఎక్కువ నిలిపేది పెద్ద విలువ, అందుకే 540ని నెక్‌కి ఇచ్చాను.

పికప్‌ల ఎత్తు సరిచేయడానికే ఒక సాయంత్రం పట్టింది. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి, తీగకీ పికప్‌కీ మధ్య ఖాళీ కొలిస్తే బ్రిడ్జ్ 1.6 మి.మీ., నెక్ 2.6 మి.మీ. దగ్గర ఆగాయి. నెక్‌ని అరచుట్టు పైకి తిప్పినా లావు తీగ మిగతావాటిని మింగేసేది. స్క్రూ తిప్పడం, ఒక కార్డ్ వాయించడం, మళ్లీ తిప్పడం.

ఇప్పుడు సెలెక్టర్ ఎక్కువగా మధ్యలోనే ఉంటోంది. నెక్ వాల్యూమ్ 7కి తగ్గిస్తే, బ్రిడ్జ్ గరగర పైన, నెక్ నిండుతనం కింద, రెండూ వేటికవే వినిపిస్తున్నాయి.