"ఏది పోతుంది సార్?"

ఎనిమిదో తరగతి, నాలుగో పీరియడ్. బోర్డు మీద సమీకరణం రాసి, సుద్దముక్కతో చూపిస్తూ అలవాటుగా "దీన్ని ఇటు తెస్తే ఇది పోతుంది, అర్థమైందా?" అన్నాను. అందరూ "అయింది సార్" అన్నారు. మొదటి బెంచీలో కూర్చునే పిల్లాడొక్కడే "ఏది పోతుంది సార్?" అన్నాడు. వాడికి చూపు లేదు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

పద్దెనిమిదేళ్లుగా లెక్కలు చెబుతున్నా, నా పాఠంలో సగం వేలితోనే చెబుతున్నానని ఆ రోజే తెలిసింది.

అప్పటిదాకా మా బళ్లో సహిత విద్య, అంటే వైకల్యం ఉన్న పిల్లలకు అందరితో కలిపి చదువు చెప్పడం అంటే, వాడి పేరు రిజిస్టర్లో ఎక్కించడం, పరీక్షలకు వాడు చెబితే రాసిపెట్టే స్క్రైబ్‌ని పెట్టి గంటకు 20 నిమిషాలు ఎక్కువ ఇవ్వడం, అంతే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇలాంటి పిల్లలు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గర్లోని మామూలు బళ్లోనే ఉచితంగా చదువుకోవచ్చు, సరే, బళ్లోకి రానిచ్చాం, పాఠంలోకి రానివ్వలేదు.

ఇప్పుడు రాసే ప్రతిదీ పైకి చదువుతున్నాను. అదీ తేలిక కాదు. "ఎక్స్ ప్లస్ మూడు బై రెండు" అన్నానా, వెంటనే "సార్, రెండు ఉండేది మూడు కిందేనా, ఎక్స్ కింద కూడానా?" అంటాడు. వెనక బెంచీల్లో కునికేవాళ్లకు మాత్రం ఈ పద్ధతి అస్సలు నచ్చలేదు.

బొమ్మల లెక్కలు వదిలెయ్యమని చెప్పింది కూడా నేనే, సిగ్గుగా ఉంది. మొన్న అట్టముక్క మీద ఫెవికాల్‌తో పురికొస అంటించి సమబాహు త్రిభుజం చేసిచ్చాను. వేళ్లతో తడిమి "ఈ మూల పెద్దగా ఉంది సార్" అన్నాడు. కోణమానినితో కొలిస్తే 66.

ఇంటర్లో ఎంపీసీ తీసుకుంటాడట. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కి చూపు లేదని సైన్స్ సీటు ఇవ్వకపోతే కోర్టుకెళ్లి సాధించుకున్నాడు, 98 శాతం మార్కులతో పాసై ఆ తర్వాత అమెరికాలో ఎంఐటీలో చదివాడు. వీడి నాన్న ఆటో నడుపుతాడు, కోర్టుల చుట్టూ ఎక్కడ తిరుగుతాడు?

వాడి పక్కన కూర్చునేవాడు బ్రెయిలీ నేర్చేసుకున్నాడు. బ్రెయిలీ స్లేటులో కాగితం పెట్టి చుక్కలు కుడి నుంచి ఎడమకు గుచ్చాలట, కాగితం తిప్పితే ఎడమ నుంచి చదువుకోవచ్చట, "కి" రాయాలంటే క పక్కన ఇ పెడితే చాలట. నిన్న పాఠం మధ్యలో ఇద్దరూ చీటీ మార్చుకుని ఒకటే నవ్వు. లాక్కున్నాను. అన్నీ చుక్కలే, నా గురించే అని మాత్రం అనుమానం. ఇలాంటి పిల్లలకు చెప్పడానికి వచ్చే ఐఈఆర్పీ (సహిత విద్య రిసోర్స్ పర్సన్) మేడమ్ వచ్చేది గురువారం, అప్పటిదాకా చీటీ నా జేబులోనే.