అలసిన ముంజేయి, వదులైన మోచేయి: నా అనుభవం

జావెలిన్ సాధనలో మొదటి విసుర్లు ఏ ఇబ్బందీ లేకుండా సాగేవి. సాధన చివరికొచ్చేసరికి మాత్రం మోచేతి లోపలి పక్కన, చిటికెన వేలి వైపు ఉండే ఎముక బుడిపెకు కాస్త కిందుగా సలుపు మొదలయ్యేది. ఎమ్మారైలో లిగమెంటు (ఎముకలను కలిపి ఉంచే గట్టి పట్టీ) చిరిగిన జాడ లేదు, డాక్టరు చేత్తో కీలును కదిలించి చూసినా వదులు తేలలేదు. రిపోర్టులన్నీ బాగున్నాయి గానీ, నొప్పికి వాటితో పనిలేకపోయింది.

క్రీడా వైద్యుడు అప్పుడొక మాట అన్నారు: ఇంతవరకు పరీక్షించినవన్నీ విశ్రాంతిగా ఉన్న చేతికి చేసినవే, నొప్పి వచ్చేది అలసిన చేతికి కాబట్టి పరీక్ష కూడా దానికే జరగాలి.

విసిరేటప్పుడు చేయి వెనక్కి పూర్తిగా వెళ్లి ముందుకు తిరిగే క్షణంలో ముంజేయి బయటి వైపుకు విరిగేంత బలం పడుతుంది. దాని వల్ల మోచేతి లోపలి పక్కన కీలు తెరుచుకోబోతుంది. దాన్ని ప్రధానంగా ఆపేది అల్నార్ కొలాటరల్ లిగమెంటు. అయితే బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచ్చర్లలో ఈ బలం సుమారు 64 న్యూటన్ మీటర్లుగా కొలిచారు. మృతదేహాల మోచేతులపై జరిపిన పరీక్షల్లో లిగమెంటు ఒక్కటే అయితే 33 దరిదాపుల్లోనే తెగిపోయింది. మిగిలిన భారం ఎముకల అమరిక మీద, ఆ బుడిపె నుంచే మొదలయ్యే ముంజేతి కండరాల మీద పడుతుంది. వాటిలో మణికట్టును వంచే ఫ్లెక్సర్ కార్పి అల్నారిస్, వేళ్లను ముడిచే ఫ్లెక్సర్ డిజిటోరమ్ సూపర్‌ఫిషియాలిస్ సరిగ్గా లిగమెంటు మీదుగా వెళతాయి కనుక, అవి బిగిస్తే కీలుకు లోపలి వైపు నుంచి కట్టు కట్టినట్టవుతుంది.

పరీక్ష కోసం నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, చేతిని పక్కకు చాపించి, మోచేతి లోపలి పక్క పైకి వచ్చేలా తిప్పి, 30 డిగ్రీల దాకా వంచి, ముంజేతిని బల్ల అంచు అవతల వేలాడనిచ్చారు. మణికట్టుకు చిన్న బరువు కట్టారు. అల్ట్రాసౌండ్ తెరపై రెండు ఎముకల మధ్య నల్లటి సందు కనిపించింది. పిడికిలి బిగించమనగానే ఆ సందు నా కళ్లెదుటే ఇరుకైంది. తర్వాత పిడికిలి పట్టును కొలిచే గ్రిప్ డైనమోమీటరు చేతికిచ్చి, పట్టు బలం మొదటి కొలతలో సగానికి పడిపోయేదాకా పదే పదే నొక్కించారు. విసరడం కన్నా నాకు ఇదే కష్టమనిపించింది. మళ్లీ అదే భంగిమలో చూస్తే, పిడికిలి బిగించినా సందు మునుపటంతగా మూసుకోలేదు. తేడా మిల్లీమీటరుకు మించలేదు గానీ, ఎడమ చేతికి అదే పరీక్ష చేసినప్పుడు అంత కూడా రాలేదు. లిగమెంటు దెబ్బతినలేదనీ, కండరాలు ముందే చేతులెత్తేస్తుంటే ఆ భారం దాని మీదికి మళ్లుతోందనీ డాక్టరు వివరించారు.

ఫిజియోథెరపీలో బలం కన్నా ఓర్పుకే ప్రాధాన్యమిచ్చారు: తక్కువ బరువుతో ఎక్కువసార్లు మణికట్టు వంచడం, అరచేతిని కిందికి తిప్పడం, వేళ్లను ఒక్కొక్కటిగా బిగించడం. చిటికెన, ఉంగరపు వేళ్లకు విడిగా ఇచ్చిన పని చూడ్డానికి పిల్లల ఆటలా ఉండేది, కానీ ముంజేయి మండిపోయేది. వారపు ప్రణాళిక కూడా మారింది. అంతకుముందు బార్ పట్టుకుని వేలాడే వ్యాయామాలు, డెడ్‌లిఫ్టులు విసుర్ల కన్నా ముందుండేవి, అంటే కీలుకు కాపలా కాయాల్సిన కండరాలు మైదానంలోకి అలసిపోయే వచ్చేవి. వాటిని విసుర్ల తర్వాతికి జరిపించారు. నా ఉద్దేశంలో ఎక్కువ మేలు చేసింది ఈ మార్పే.

తిరిగి పరీక్షించినప్పుడు అలసట తర్వాత కూడా సందు చాలావరకు మూసుకుంది, అయితే ఎడమ చేతితో పూర్తిగా సమానం కాలేదు. అందుకని ఇప్పుడు సాధన మధ్యలో డైనమోమీటరుతో పట్టు చూసుకుంటున్నాను. మొదటి కొలత కన్నా స్పష్టంగా తగ్గితే, నొప్పి ఉన్నా లేకపోయినా ఆ రోజుకు విసరడం ఆపేసి, కాళ్ల పనికి మళ్లుతున్నాను.